కత్తిరించని మాటలు

"రోవెనా గారూ, కాస్త ఆ రిమోట్ కంట్రోల్ అందిస్తారా?"

"రిమోకోన్ అంటే చాలదూ తాతగారూ? మీరు మాట పూర్తిచేసేలోపు సుమో కుస్తీ అయిపోతుంది" అంది పెద్ద నర్సు ఇసోబే.

వృద్ధాశ్రమం హాల్లో అందరూ నవ్వారు. కురమోచి తాత నవ్వలేదు. రిమోట్ అందుకుని తలవంచాడు.

అక్కడ ఇంగ్లీషు మాటల్ని చిక్కుడుకాయలు తుంచినట్టు తుంచి వాడతారు. ముందు ముక్క ఉంచుకుని మిగతాది పారేస్తారు. ఫిలిప్పీన్స్ నుంచి ముసలివాళ్ళని చూసుకునే పనికి కొత్తగా వచ్చిన రోవెనాకి ఇంగ్లీషు వచ్చు. తుంచిన ఇంగ్లీషు రాదు. పని నచ్చితేనే ఒప్పందం పొడిగిస్తారు.

"రోవెనా, తాతగారిని రిహాకి తీసుకెళ్ళు."

రోవెనా కదల్లేదు.

"మళ్ళీ రిహాబిలిటేషనా? మోకాళ్ళు అరిగిపోతున్నాయమ్మా" అని మూలిగాడు కురమోచి.

ఆమె చక్రాల కుర్చీ తిప్పింది.

రోజూ ఇదే వరస. ఎవరేం చెప్పినా మధ్యలో దూరి, అదే మాటని సాగదీసి మళ్ళీ అనేవాడు.

"నీ పొద్దంతా ఈయనతోనే సరిపోతోంది. పై అంతస్తుకి మారతావా?" అంది ఇసోబే.

"మారతానండీ. ఈ నస నావల్ల కాదు."

పక్కనే ఉన్న కురమోచి టీవీ శబ్దం కాస్త పెంచుకున్నాడు.

పై అంతస్తులో ఎవరూ దేన్నీ సాగదీయలేదు.

"మూడింటికి కాన్ఫా" అన్నారెవరో. రోవెనా తలూపింది, వెళ్ళలేదు. ఒక ముసలావిడకి మింగుడు పడటం లేదనీ, ఇకమీదట టీ చిక్కబరిచి ఇవ్వాలనీ అక్కడ చెప్పారు. సాయంత్రం రోవెనా ఆవిడకి మామూలు టీ ఇచ్చింది. పొలమారింది. ఆసుపత్రికి వెళ్ళినావిడ తిరిగి రాలేదు.

"కాన్ఫా అంటే కాన్ఫరెన్స్ అని తెలీదూ?" అని నిలదీశారు పైవాళ్ళు.

"ఎవరూ చెప్పలేదండీ."

"అది కూడా చెప్పాలా?"

ఒప్పందం పొడిగించలేదు.

పెట్టె పట్టుకుని కిందికి దిగేసరికి కురమోచి మంచం ఖాళీగా ఉంది. న్యుమోనియాతో పోయాడట. కూతురు ఆయన చొక్కాలు మడతపెడుతోంది.

"మీ నాన్నగారు ప్రతి మాటా భలే పొడుగ్గా చెప్పేవారు" అంది రోవెనా, ఏదో ఒకటి అనాలి కనక.

కూతురి చేతులు ఆగాయి.

"మా నాన్నా? తంతి ఆఫీసులో టెలిగ్రాముల కోసం జనం మాటలు కత్తిరించీ కత్తిరించీ, ఇంట్లో మా పేర్లు కూడా సగమే పిలిచేవాడండీ."