మైల రోజున పారబోసిన పెరుగు

భార్య అనసూయ పోయిన రోజున, మైల అని బంధువులు వంటింట్లో గిన్నెలన్నీ ఖాళీ చేశారు. వాటితోపాటు ఆమె దాచిన పెరుగు తోడు కూడా తూములోకి పోయింది. భద్రయ్య మాస్టారికి ఆ పూట ఏదీ పట్టలేదు.

మందులకు లొంగని క్రిములు ఊరూరా చేరాక, వాటిని కడుపులోనే అడ్డుకునే తోడును ఆస్పత్రివాళ్లే ఒక్కో ఇంటివాళ్ల ఒంటికి తగ్గట్టు తయారుచేసి ఇస్తున్నారు. ఆ పెరుగు రాగి అంబలిలో కలిపి రోజూ తాగినవాళ్లకే ఆపరేషన్. కూతురు వకుళకు వచ్చే నెలలో తుంటి ఆపరేషన్ ఉంది.

"కొత్త తోడుకు ఏడాది పడుతుంది. అన్నాళ్లు ఆగితే అమ్మాయి నడవలేదు" అన్నారు డాక్టరు.

సంగతి తెలిసి ఎదురింటి ఖైరున్నీసా గిన్నెతో వచ్చింది.

"ఒకరింటి తోడు ఇంకొకరికి ఇవ్వకూడదు గదా, మాస్టారూ. మాది పాడైతే అనసూయక్క చాటుగా మీది ఇచ్చింది. ఇప్పటికీ అదే వేస్తున్నా. మా ఆయన కడుపుకు ఎవరిదైనా ఒకటేలెండి."

ఆస్పత్రిలో పరీక్షచేసి అది మాస్టారింటి తోడేనన్నారు. ఆపరేషన్ తేదీ మారలేదు.

వకుళ అంబలి తాగి, "అమ్మ పులుపే, నాన్నా" అంది. ఆయన కూడా ఒక గ్లాసు అడిగి తాగారు.

సాయంత్రం పాలు కాచారు. తోడు వేయడానికి అవి ఎంత గోరువెచ్చగా ఉండాలో మాస్టారు ఇంకా నేర్చుకోవాలి.