ఒరిజినల్ పార్టు

"వెనక మూత ఒక్కసారి తీయనివ్వు బాబూ. రెండు నిమిషాల పని."

గుమ్మంలో నిలబడిన ముసలాయన ఈ మాట అడగడం ఆ వారంలో మూడోసారి.

మెకానిక్ తల కూడా ఎత్తలేదు. గిటార్ శబ్దాన్ని పెంచే పాత ఆంప్‌లు బాగుచేయడంలో చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా అతనికే తెలుసు.

ముసలాయన చూపంతా బల్ల మీదున్న ఆంప్ మీదే ఉంది. గాజు వాల్వులతో నడిచే పాతకాలపు పెట్టె అది. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కి ఎర్రబడేదాకా నోరు విప్పదు. విప్పిందంటే మాత్రం ఇప్పటి ఆంప్‌లు దాని ముందు దిగదుడుపే.

మెకానిక్ దాన్ని చెల్లెలి కోసం సిద్ధం చేశాడు. ఆ సాయంత్రమే మైదానంలో ఆమె మొదటి ప్రోగ్రాం.

"మూత తీసి ఏం చేస్తారు?"

"కరెంటు తీగకీ, లోపలి ఇనుప చట్రానికీ మధ్య ఓ చిన్న కెపాసిటర్ ఉంటుంది. అది తీసేస్తాను."

"అది గుయ్యిమనే హమ్ రాకుండా పెట్టింది పెద్దాయనా."

"తెలుసు. అది షార్టయిందంటే కరెంటు నేరుగా చట్రానికొస్తుంది. అక్కణ్ణుంచి గిటార్ తీగలకి. ఒక చెయ్యి తీగల మీదుండి, రెండో చెయ్యి మైకు పట్టుకుందంటే..."



"నలభై ఏళ్లుగా కానిది ఇవాళే అవుతుందా?"

"నలభై ఏళ్లయింది కాబట్టే అవుతుంది."

మెకానిక్‌కి చిర్రెత్తుకొచ్చింది. "చూడండి, ఇందులో స్క్రూలతో సహా అన్నీ ఒరిజినల్. ఒక్క పార్టు పోయినా దీని విలువ పోయినట్టే. నేనే చెయ్యి వేయను, మధ్యలో మీరెవరు?"

ముసలాయన చూపు ఆంప్ మీంచి నేల మీదకి దిగింది.

లోపలి గదిలో గిటార్ శ్రుతి చేసుకుంటున్న చెల్లెలు బయటికొచ్చింది.

"అన్నయ్యా, చెప్పడం మర్చిపోయాను. నిన్న పాడుతుంటే మైకు తగిలి పెదవి జివ్వుమంది."

"ప్లగ్గు తిప్పి పెడితే సరి. రెండు పుల్లల ప్లగ్గు కదా, ఎటైనా దూరుతుంది. పాత ఆంప్‌లకి ఇదో చాదస్తం."

ముసలాయన మొహం పాలిపోయింది. "దాంతో పాడకు తల్లీ."

"పాడకపోతే జనం కొడతారు, పాడితే ఇది కొడుతుందంటారు. నన్నేం చేయమంటారు తాతగారూ?"

అన్నాచెల్లెళ్లిద్దరూ నవ్వుకున్నారు. ముసలాయన తలవంచుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన మెకానిక్‌కి షాపు తలుపు ఓరగా తీసి కనబడింది.

ఆంప్ ముందు ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. వెనక మూత తీసి ఉంది. ఆయన చేతిలో కట్టర్, నేల మీద చిటికెన వేలంత కెపాసిటర్.

"మర్యాదగా చెప్తే వినకుండా దొంగతనానికి దిగావా?"

మెకానిక్ ఆయన చొక్కా పట్టుకుని వీధిలోకి నెట్టాడు. ముసలాయన తడి రోడ్డు మీద పడ్డాడు.

లేస్తూ కూడా ఒకటే మాట. "నన్ను కొట్టినా సరే, దాన్ని మళ్లీ పెట్టకు బాబూ."

మెకానిక్ తలుపు మూసేశాడు.

దాన్ని మళ్లీ పెట్టడానికి అతనికి ఐదు నిమిషాలు పట్టింది. తెగిన చోట కోత కనబడకుండా సాల్డరింగ్ చేశాడు. ఎంత తెలిసినవాడు మూత తీసి చూసినా, దీని మీద ఎవరూ చెయ్యి వేయలేదనుకోవాలి. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

పొద్దున కురిసిన వానకి మైదానం ఇంకా ఆరలేదు. వేదిక మీద పరిచిన తివాచీ కూడా చెమ్మగానే ఉంది.

మెకానిక్ దగ్గరుండి ప్లగ్గు తిప్పి పెట్టాడు, అక్కడి పాయింటులో కరెంటు ఏ వైపుందో చూడకుండానే.

చెల్లెలు ముందు పాట లేకుండా గిటార్ ఒక్కటే వాయించింది. జనం ఈలలు వేశారు. అన్నయ్య మనసు ఉప్పొంగిపోయింది.

తర్వాత పాడడానికి ముందుకొచ్చి, కుడి చేత్తో మైకు పట్టుకుంది. ఎడమ చెయ్యి తీగల మీదే ఉంది.

గొంతు రాలేదు. రెండు చేతులూ బిగుసుకుపోయాయి. ఒళ్లంతా వణుకుతోంది.

అదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

మెకానిక్ పరిగెత్తి ప్లగ్గు పీకాడు. ఆమె వెనక్కి విరుచుకుపడింది.

"ప్రాణానికి భయం లేదు. ఎడమ చేతి వేళ్లు రెండు కాలిపోయాయి, తీసేయక తప్పదు," అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు.

 చెల్లెలు ఇక గిటార్ పట్టుకోదు. ఎవరి వల్లో మెకానిక్‌కి బాగా తెలుసు. తెలిసినా నోటితో అనే ధైర్యం లేకపోయింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగినప్పుడు, "ఓ ముసలాయన షాపులో దూరి, ఆంప్ లోపల ఏదో కోశాడు సార్," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. ఆ తర్వాత తను చేసింది మాత్రం చెప్పలేదు.

మర్నాడు పొద్దున స్టేషను నుంచి కబురొచ్చింది.

మెకానిక్ వెళ్లేసరికి ముసలాయన అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మోచేయి చీరుకుపోయి ఉంది. మెకానిక్‌ని చూడగానే లేచాడు.

"అమ్మాయికి ఎలా ఉంది బాబూ?"

మెకానిక్ మొహం తిప్పుకున్నాడు.

"వెతికే పనే లేకపోయింది. ఆస్పత్రి బయటే కూర్చుని ఉన్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తప్పు నాదేనని తనే రాసిచ్చాడు. చదువుకుని కింద సాక్షిగా సంతకం పెట్టండి."

మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది. గబగబా కాగితం అందుకున్నాడు.

షాపులో దూరిన సంగతీ, కోసిన సంగతీ, రోడ్డు మీద పడ్డ సంగతీ అందులో లేవు. ఉన్నది ఒక్క వాక్యం.

"నలభై ఏళ్ల క్రితం ఈ ఆంప్‌ని డిజైన్ చేసి, ఆ కెపాసిటర్‌ని అక్కడ పెట్టింది నేనే."