మెట్టు మీది చెప్పులు

జూసో పదిమందిలో తనను మేక అన్నాడు. అది క్షమించే తప్పు కాదు. డెరమాన్ క్షమించలేదు.

ఊరికే అన్నా పోయేది. పాట కట్టి అన్నాడు. కోతలయ్యాక జరిగిన డికిర్ పాటల పోటీలో 'తన దడి తానే మేసిన మేక' అని జూసో ఎత్తుకుంటే, వెనక కూర్చున్న జట్టంతా చప్పట్లు చరుస్తూ అందుకుంది. ఊరు విరగబడి నవ్వింది. డెరమాన్ భార్య కూడా చప్పట్లు కొట్టింది. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ చప్పట్లను మాత్రం డెరమాన్ మన్నించలేదు. జూసో పేరు నోట పలకనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ పాట సీడీలోకెక్కి ఊరి లైబ్రరీకి వస్తోంది.

మధ్యాహ్నం నమాజు కాగానే డెరమాన్ లేచాడు. జూసో ఇంకా చేతులు చాచి దువా చేసుకుంటున్నాడు. అతనికంటే ముందు లైబ్రరీ చేరడానికి ఇదే అదను. బయట జోరు వాన. మసీదు మెట్ల దగ్గర చెప్పులు తగిలించుకుని, తలమీద తువ్వాలు కప్పుకుని పరుగెత్తాడు.

లైబ్రేరియన్ రోహాయా అప్పుడే పెట్టెలు విప్పింది. కొత్త పుస్తకాలు, చదివి వినిపించే పుస్తకాలు, పాటల సీడీలు బల్లనిండా పరిచి ఉన్నాయి.

"ఏంటి పాక్‌చిక్, ఇంత వానలో? ఏం కావాలి?" బాబాయి వరసలో పలకరించింది.

"చేపల పెంపకం పుస్తకం."

"కిటికీ పక్క బీరువాలో చూడండి."

ఆమె అటు తిరగగానే డెరమాన్ ఆ సీడీ తీసి తువ్వాలు కింద పెట్టుకున్నాడు. దొంగతనం అతని ఇంటా వంటా లేదు. పద్ధతిగా రాయించుకునే తీసుకెళ్తాడు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగున దాస్తాడు. అడిగితే పోయిందంటాడు. రోహాయా తిడితే తిట్టనీ. ఉన్నదొక్కటే సీడీ. ఇక ఆ పాట ఈ ఊళ్ళో మోగదు.

చేపల పుస్తకం తీస్తూ కిటికీలోంచి చూసి ఆగిపోయాడు.

లైబ్రరీ పై మెట్టు మీద, చెప్పుల గుట్టకు ఒక పక్కగా, నీలం హవాయి చెప్పుల జత. మడమల దగ్గర మూడేసి చిల్లులు. మసీదులో చెప్పులు మారిపోతున్నాయని జూసో మేకు కాల్చి పెట్టుకున్న గుర్తు. ఊళ్ళో పసివాళ్ళకు కూడా తెలుసు.

వచ్చేశాడు. లోపలే ఉన్నాడు.

బల్ల వెనక గదిలోంచి మగమనిషి దగ్గు వినిపించింది. రోహాయాకు ఒక పాడు అలవాటుంది. పుస్తకమైనా సీడీ అయినా, ఇచ్చేముందు దాని పేరు పైకి చదువుతుంది, మసీదులో బాంగు ఇచ్చినంత గట్టిగా. అది ఆ గదిలో వినిపించిందంటే అంతే. 'నా పాట మోసుకుపోయిన మేక' అని జూసో రేపే ఇంకోటి కడతాడు. సీడీ పెట్టేసి పోదామంటే, జూసో తీసుకుని ఊరంతా వినిపిస్తాడు.

డెరమాన్ మూలకు పోయి, గోడవైపు తిరిగి, అక్కడున్న చదివి వినిపించే పుస్తకం ఒకటి పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. కొత్త దంపతులకు సలహాలట. 'భార్య కోపంగా ఉన్నప్పుడు ఎదురు చెప్పకండి' అంటోంది ఒక ఆడగొంతు.

"ఇప్పుడా చెప్పేది," అన్నాడు డెరమాన్.

వాన తగ్గింది. జనం వచ్చారు, వెళ్ళారు. ఆ గొంతు మాత్రం ఆగలేదు. అత్తవారింటి గురించి చెప్పింది, వంటింటి గురించి చెప్పింది, పసిపిల్లల గురించి చెప్పింది. అతనికి ఒంటేలుకు వెళ్ళాలని ఉంది. దానికి వెనక గదిలోంచే వెళ్ళాలి. కాలు మీద కాలు వేసుకుని బిగబట్టాడు.

రోహాయా వచ్చి భుజం తట్టింది. "ఇంటికెళ్ళరా పాక్‌చిక్? అంత బాగుందా?"

"ఆ గదిలో ఎవరు?"

"కొత్త పుస్తకాలకు అట్టలేస్తున్నారు."

"పెద్దవాడా?"

"పెద్దాయనే. పిలవమంటారా?"

"వద్దు వద్దు."

చివరికి దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. వెనక గదిలోంచి ఆ మనిషి దగ్గుకుంటూ బయటికొచ్చాడు. పెట్టెలు తెచ్చిన వ్యాను డ్రైవరు. వెనక తలుపు దగ్గర బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

"గదిలో ఇంకెవరు?"

"ఇంకెవరుంటారు? మీరూ నేనే మిగిలాం."

డెరమాన్ గట్టిగా ఊపిరి వదిలి సీడీ బల్ల మీద పెట్టాడు. రోహాయా దాని పేరు ఖాళీ గదికి వినిపించింది.

"పాటలంటే మీకు పడదుగా? పైగా ఇంట్లో మిషన్ కూడా లేదు."

"లేకపోతే ఇవ్వవా?"

"ఇస్తాను, ఇస్తాను. కోపమెందుకు?"

సీడీ పట్టుకుని గుమ్మం దాటాడు. మెట్ల మీద గుట్ట లేదు. ఒక్క జతే మిగిలింది. నీలంవి. మూడేసి చిల్లులు.

"వీడు చెప్పులొదిలి ఎటు పోయాడు?"

"ఎవరు?" రోహాయా తాళం వేస్తూ వంగి చూసింది. "అవి మీవే కదా పాక్‌చిక్. నీళ్ళు కారుతూ వచ్చి మీరే విప్పారు. నేను చూస్తూనే ఉన్నాను."

డెరమాన్ వంగి ఆ చిల్లులు మళ్ళీ లెక్కపెట్టాడు.

గేటు చప్పుడైంది. జూసో లోపలికొస్తున్నాడు. అతని కాళ్ళకు డెరమాన్ చెప్పులున్నాయి.

"మసీదులో నావి కనబడక మధ్యాహ్నం నుంచీ ఇంటింటికీ తిరుగుతున్నా," అన్నాడు జూసో. మెట్టు మీది చెప్పులు చూశాడు. డెరమాన్ చేతిలో సీడీ చూశాడు.

"జూసో," అన్నాడు డెరమాన్. అన్నేళ్ళ ఒట్టు అక్కడితో పోయింది. "ఈ సంగతి నేను చచ్చేదాకా ఎత్తను. నువ్వూ ఎత్తకు."

జూసో తలొంచుకుని, మెల్లగా, పాటకు తాళం చూసుకుంటున్నట్టు రెండు చప్పట్లు చరిచాడు.

డెరమాన్ ఆ సంగతి ఇంతవరకు ఎవరి దగ్గరా ఎత్తలేదు, ఊళ్ళో ప్రతి పెళ్ళిలోనూ జూసో జట్టు దాన్ని పాడుతున్నా సరే.