మూడో స్తంభం కింద మేయరు

"లేచాడా?" అన్నాడు మర్డో, వంతెన పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి.

"ఉండు, ఇప్పుడిప్పుడే నీళ్లమీద ఈగలు వాలుతున్నాయి," అన్నాడు ర్యాబ్. అంటూనే చెయ్యి కోటు జేబులోకి పోనిచ్చాడు. గులకరాయి ఒకటి ఏరుకుని, చడీచప్పుడూ లేకుండా పిట్టగోడ అవతలికి జారవిడిచాడు.

కింద కెల్విన్ నదిలో బుడుంగుమంది.

"అదిగో!" మర్డో మొహం వెలిగిపోయింది. "మూడో స్తంభం దగ్గరే కదూ? మన మేయరు ఇంకా కుర్చీ దిగలేదురోయ్!"

"దిగడు. దిగితే మనకి చెప్పే దిగుతాడు," అన్నాడు ర్యాబ్. ఆ మాట తన చెవికే అసహ్యంగా వినబడి, తల తిప్పుకుని రోడ్డుమీద పోయే బస్సుల్ని చూస్తూ నిలబడ్డాడు.

మేయరంటే చేప. గ్లాస్గో నడిబొడ్డున, మూడో స్తంభం నీడలో ఏడేళ్లు దర్జాగా బతికిన ట్రౌట్. ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగని ఎంత ఒడుపుగా నీళ్లమీద వాల్చినా, పైకి లేచి, ఓ చూపు చూసి, మూతి తిప్పుకుని పోయేది. అది చిక్కితే ఇద్దరి ముందే చిక్కాలి, ఒకరు లేకుండా ఒకరు దానిమీద గాలం వెయ్యకూడదు అని మిత్రులిద్దరూ చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు.

నిరుడు మే నెలలో, శుక్లాలు ముదిరి మర్డో చూపు పూర్తిగా మసకబారాక, ర్యాబ్ ఒంటరిగా వెళ్లి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు. మొదటిసారి గాలం వెయ్యగానే మేయరు చిక్కాడు. పట్టిన ట్రౌట్‌ని మళ్లీ నీళ్లలో వదిలెయ్యడం వాళ్ల మర్యాద. ఒక్క ఫొటో తీసుకుని వదులుదాం అనుకున్నాడు. ఒకటి బాగా రాలేదని ఇంకొకటి, అదీ బాలేదని మరొకటి. తీరా నీళ్లలో పెట్టేసరికి చేప వెల్లకిలా తిరిగిపోయింది. మూతి ప్రవాహానికి ఎదురుపెట్టి అరగంట పట్టుకున్నాడు, బతిమాలాడు. లాభం లేకపోయింది. ఆ ఫొటోలు ఇంకా ఫోనులోనే ఉన్నాయి. చూడలేడు, తీసెయ్యనూ లేడు.

ఆ సాయంత్రమే వంతెన మీద మర్డో అడిగాడు, మేయరు లేచాడా అని. లేచాడన్నాడు ర్యాబ్.

"నాకు వినబడలేదే?"

అంతే, మర్నాటినుంచి రాళ్లు మొదలయ్యాయి. చేపలు పైకి రాని చలికాలం తప్పితే ఒక్కరోజు సెలవు లేదు. నలభై ఏళ్లు నీళ్ల చప్పుడు విన్న మనిషికి రాయికీ చేపకీ తేడా తెలియదా అని ర్యాబ్‌కి ప్రతిరోజూ భయమే. మర్డో మాత్రం ప్రతిరోజూ పసిపిల్లాడిలా సంబరపడేవాడు.

ఒక్కసారి జేబులో రాయి లేకపోయింది. ఆ రోజు ర్యాబ్ తలనొప్పని ఇంటికి పోయి, ఏమీ తినకుండా పడుకున్నాడు. ఆ తర్వాత జేబు నిండుగానే ఉంటూ వచ్చింది. ఎప్పుడు ఏరుకున్నాడో అతనికే గుర్తుండేది కాదు. డెబ్బై దాటాక గుర్తుండేవి ఎన్ని గనక?

"శుక్రవారం ఆపరేషన్," అన్నాడు మర్డో, ర్యాబ్ భుజం పట్టుకుని ఇంటికి నడుస్తూ. "ఆస్పత్రివాళ్లకి ఇన్నాళ్లకి నామీద దయ కలిగింది. పై వారం మేయర్ని కళ్లారా చూస్తాన్రా!"

ర్యాబ్ జేబులో మిగిలిన రాళ్లని గుప్పిట బిగించి పట్టుకుని నడిచాడు.

గుమ్మంలో మర్డో భార్య సెంగా ఎదురొచ్చింది. "కోటు ఇలా ఇయ్యి ర్యాబ్, తడిసింది. లోపల ఆరేస్తా," అంది రోజూ అన్నట్టే. టీ ఇచ్చి, కోటు చంకన పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

ర్యాబ్ కప్పు ముట్టుకోలేదు. మర్డో ఖాళీ నీళ్లు చూసి తెలుసుకునేకంటే తన నోటితో చెప్పెయ్యడమే నయం అనుకున్నాడు. నలభై ఏళ్ల స్నేహం పోతే పోయింది.

"మర్డో, నీతో ఒక మాట చెప్పాలి."

"ఏంట్రా, నాకు కళ్లొస్తే నా గాలాలు తిరిగిచ్చెయ్యాలని బెంగా?"

"మేయరు లేడు. నిరుడు మేలోనే చంపేశాను. నువ్వు లేకుండా వెళ్లాను. ఫొటోల కోసం..." ర్యాబ్ ఫోను తీసి బల్లమీద బోర్లించాడు. "రోజూ నువ్వు విన్నది రాళ్లురా. నేను విసిరిన రాళ్లు."

మర్డో బల్ల తడుముకుని కప్పు కింద పెట్టాడు. లెంపకాయ కొట్టినా బాగుండుననిపించింది ర్యాబ్‌కి.

"తిట్టరా. ఏదో ఒకటి అను."

మర్డో వంటింటి వైపు తిరిగి గొంతెత్తాడు.

"సెంగా! ఇక వీడి జేబులో రాళ్లు నింపక్కర్లేదులే."