బెంచీల కాళ్లకు రబ్బరు

శనివారం ప్రార్థన ముగిసి పిల్లలతో పాటు సువర్ణకుమారి టీచరు ఐదో తరగతి గదిలోకి వచ్చేసరికి, ఒక ముసలాయన నేల మీద చతికిలబడి బెంచీ కాళ్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడుగుతున్నాడు.

టీచరు ఎదురుగా వెళ్లి నిలబడితే తలెత్తి చూశాడు.

"ఎవరండీ మీరు?"

ఆయన చేతిలో ట్యూబు ముక్క పక్కన పెట్టాడు.

"ఆదిబాబునండి. మీ గేటు పక్కన పంచర్లేత్తాను. పెద్ద మేస్టార్ని అడిగే వచ్చినాను."

ఆ గొంతుకి గదంతా దద్దరిల్లింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. మిల్లులో చేసి వచ్చినవాళ్లంతా ఇంతే, మెల్లగా మాట్లాడ్డం చేతకాదు అనుకుంది టీచరు.

తెలుగునాడుకు దూరంగా, కాసిడీహ్ పేటలోని ఆ బడిలో బెంచీలన్నీ ఇనుపవే. ఉక్కు ఊళ్లో ఇంకేం ఉంటాయి మరి. సిమెంటు నేల మీద నలభై మంది పిల్లలు కదిలితే కీచుమని ఒకటే రొద. టీచరుకి ఇరవై ఆరేళ్లుగా అలవాటైపోయింది.

అలవాటు కానిది బెట్సీ ఒక్కదానికే.

ఉచిత శిబిరంలో ఇచ్చిన వినికిడి మెషీను చెవికి పెట్టుకోవడం, పావుగంటకల్లా పీకి జేబులో వేసుకోవడం. ఈ నెల పరీక్షలో కూడా తప్పితే పిల్లని దూరంగా చెవిటివాళ్ల హాస్టలుకి పంపుకోమని పెద్ద మేస్టారు తల్లితో చెప్పేశారు. టీచరుకి ఆ పిల్లంటే జాలే. జాలిపడి ఊరుకుంది, అంతే.

"మేడమ్, ఒక మాట" అన్నాడు ఆదిబాబు.

"చెప్పండి."

"పాఠం చెప్పినప్పుడు బోర్డేపు తిరిగిపోకండి. బెట్సీ పాపకి మీ మొహం కనపడాల. సగం మాట మూతి కాడే దొరుకుద్ది."

టీచరుకి ఒళ్లు మండింది. పంచర్లు వేసే మనిషా తనకి పాఠం చెప్పడం నేర్పేది?

విసురుగా బోర్డు వైపు తిరిగి తేదీ రాస్తూ అంది. "మీ సలహాలు చాలు. ఇక వెళ్లండి."

ఆయన కదల్లేదు. తాపీగా ఇంకో కాలికి రబ్బరు తొడుగుతున్నాడు.

"మిమ్మల్నే."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎంత పొగరు అనుకుంది. చరచరా ఆయన ముందుకొచ్చి, గేటు వైపు చెయ్యి చూపించింది.

"వెళ్లమంటున్నాను. నా క్లాసులోకి మళ్లీ రావద్దు."

ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు. చిన్నబుచ్చుకున్నాడు కానీ కోప్పడలేదు.

"ఈ రెండు కాళ్లూ అయిపోతే అన్నీ అయిపోయినట్టేనమ్మా" అన్నాడు. అవి కూడా తొడిగేసి, చేతులు జోడించి వెళ్లిపోయాడు.

సోమవారం క్లాసు వింతగా ఉంది. పిల్లలు లేచారు, కూర్చున్నారు, బెంచీలు జరుపుకున్నారు. చప్పుడే లేదు. గంట కొట్టేదాకా బెట్సీ మెషీను తియ్యలేదు.

"ఇవాళ తియ్యలేదేమే?" అడిగింది టీచరు.

"ఆజ్ శోర్ నహీ థా, మేడమ్. పహలే సిర్ఫ్ బెంచ్ సునాయీ దేతే థే."

ఇవాళ రొద లేదట. ఇన్నాళ్లూ ఆ పిల్లకి పాఠానికి బదులు బెంచీలే వినిపించాయన్నమాట.

"ఆ సంగతి ఆయనకెలా తెలుసు?"

"ఉన్హోంనే పూఛా థా."

ఆయన అడిగాడు, ఈ పిల్ల చెప్పింది. తను ఏడాదిగా అడగనే లేదు. టీచరుకి సిగ్గేసింది.

ఆ రోజు నుంచి బోర్డు మీద రాయడం అయ్యాక, పిల్లల వైపు తిరిగాకే నోరు తెరిచేది. నెలాఖరు పరీక్షలో బెట్సీ గట్టెక్కింది. హాస్టలు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మార్కుల కాగితం పట్టుకుని తల్లి ఏడ్చేసింది. టీచరుకీ కన్నీళ్లు ఆగలేదు.

మొహం చెల్లక ఇన్నాళ్లూ ఆయన్ని తప్పించుకు తిరిగింది, ఇప్పుడు చూస్తే గేటు పక్కన పంచర్ల చోటు ఖాళీగా ఉంది. వాళ్లనీ వీళ్లనీ అడిగి, ఆ సాయంత్రమే భుయ్యాడీహ్ బస్తీలో ఆయన ఇల్లు పట్టుకుంది.

తలుపు తీసింది ఆయన వదిన సింహాచలమ్మ.

"మా మరిదా? మొన్ననే పలాస ఎల్లిపోయినాడమ్మా, కూతురి కాడికి. ఇంక ఇటు రాడు. ఏటి పని?"

"ఆయన్ని అనరాని మాట అన్నానండి. తప్పయిపోయిందని చెప్పుకోవాలి. ఫోన్ నంబరిస్తే ఇప్పుడే మాట్లాడతాను."

సింహాచలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఫోన్లో చెప్తే ఆడికేటి ఇనబడుద్దమ్మా, మిల్లులో రెండు చెవులూ పోయి పదిహేనేళ్లయినాది, ఎదురుగా మనిషి మూతి చూసే మాట పట్టుకుంటాడు."