గట్టువార వరస

“పలుపు వదలవే! తిరుపతయ్య బావ బేరమాడి ఎంతసేపని నిలబడతాడు?” చేనుగట్టు మీద పెళ్ళాన్ని కసిరాడు వీరాంజనేయులు.

“వదలను. నోటికింత కూడు పెట్టే గేదెల్ని అమ్మి పాత ట్రాక్టర్ కొంటావా? దేనికంట?” కోటేశ్వరి పలుపు ఇంకా గట్టిగా పట్టుకుంది.

“దున్నటానికి. దున్నకుండా మొక్కజొన్న పండిద్దా?”

“దున్నని నా చేలో పండట్లా?”

పండుతోంది, అదే అతని బాధ. రొంపిచెర్ల మాగాణిలో వాళ్ళవి రెండెకరాలు. ఒకే నేల, ఒకే నీరు, మధ్యలో జానెడు గట్టు. వరి కోశాక ఒక ఎకరం అతను కిరాయి ట్రాక్టర్‌తో దున్నించి విత్తాడు. రెండోది ఆమె దున్నకుండానే, వరి మోళ్ళ మధ్య కర్రతో బొక్కలు పొడిచి గింజలేసింది. ఊరు ఊరంతా నవ్వింది. కాలువ నీళ్ళు కట్టేసి ఇరవై రోజులయ్యేసరికి ఆమె చేను పచ్చగా నిలబడింది, అతని చేను ఆకులు చుట్టుకుపోయింది.

ఒక్క వరస తప్ప. గట్టును ఆనుకుని ఉన్న అతని చివరి వరస ఏపుగా పెరిగింది. అంత లావు కండెలు ఆమె చేలోనూ లేవు.

“ఆ వరస చూసి మాట్లాడు,” అన్నాడు వీరాంజనేయులు. “ట్రాక్టర్ గట్టుకాడ మళ్ళేటప్పుడు అక్కడ నాలుగుసార్లు దున్నింది. మిగతాదంతా ఒక్కసారే. సొంత బండి ఉంటే చేనంతా అట్టా దున్నుకోవచ్చు.”

“బావ చెప్పింది నిజమే చెల్లెమ్మా,” అన్నాడు తిరుపతయ్య.

కోటేశ్వరి కళ్ళనీళ్ళు పెట్టుకుని పలుపు వదిలేసింది. తిరుపతయ్య గేదెలను డొంకదారి వైపు తోలాడు.

గెలిచినవాడు ఊరుకోవచ్చుగా! వీరాంజనేయులు పార అందుకున్నాడు. “రావే, గట్టువార నా మొక్క వేరు ఎంత లోతు దిగిందో చూద్దువుగాని.”

జానెడు తవ్వాడో లేదో, పార ఖంగుమంది. రాయి కాదు, మట్టే. తడినేలలో ట్రాక్టర్ తొక్కి తొక్కి బండ చేసిపెట్టింది. వేళ్ళు అక్కడిదాకా దిగి, పక్కకు తిరిగాయి.

అతను పార పడేసి వేళ్ళ వెంబడే మట్టి గీకుతూ పోయాడు. కోటేశ్వరి ఏడుపు మరిచిపోయి పక్కన కూర్చుని, తాగటానికి తెచ్చుకున్న బిందెలో నీళ్ళు పోసింది. కడిగేకొద్దీ తెల్లటి వేళ్ళు, ఒకదాని వెంట ఒకటి.

“అమ్మో! వీటికెవరు చెప్పారయ్యా?” అంది.

వీరాంజనేయులు లేచి, మట్టి చేతులతోనే డొంక దాకా పరిగెత్తి గేదెల ముందు నిలబడ్డాడు.

“ఏంది బావా, బేరం వద్దా?”

“వద్దు బావా. నా మొక్కలు గట్టు కిందనించి దున్నని దాని చేలోకి పోయి తడి తాగుతున్నయ్!”