సగం కుట్టిన కోటు

"చిరుగు ఎక్కడుంది అత్తయ్యా?" ఫోటో తీద్దామని కోడలు అత్త కుట్టిన చీరంతా వెతికింది.

"కనబడకుండా కుట్టడమే కదటే నా పని!" అత్త మురిసిపోయింది.

"కనబడకపోతే జనానికి ఏం చూపించను? నెల నుంచి ఒక్కరూ గుమ్మం ఎక్కలేదు. పొయ్యి వెలగాలా వద్దా? చిరిగిన బట్ట ఏదైనా ఇవ్వండి."

ఇంట్లో చిరిగినవన్నీ అత్త ఎప్పుడో కుట్టేసింది. చిరుగు పడకుండా మిగిలింది పోయిన భర్త పెళ్లినాటి కోటు ఒక్కటే. కళ్లు మూసుకుని దాని గుండెల మీద కత్తెర ఆడించింది.

సగం కుట్టేసరికి కోడలు చెయ్యి పట్టుకుంది. "ఇక ఆపండి. మొత్తం కుట్టేస్తే మీ పనితనం ఎవరికి తెలుస్తుంది?"

కోటును గుమ్మానికి వేలాడదీశారు. సాయంత్రానికే ముగ్గురు బట్టలు తెచ్చారు. వచ్చినవాళ్లు ఆ చిరుగులో వేలు పెట్టి చూసినప్పుడల్లా, లోపల అత్త సూది ఆగిపోయేది.